సింగారి పెట్టిన ఆకు ఫోటో

అనగనగా మంచు దిగే ఒక కొండ మీద సింగారి అనే పునుగుపిల్లి ఉండేది. దానికి చక్కని కాఫీ తోట ఉండేది. ఆ తోట పండితేనే దాని పిల్లలకి ఏడాదంతా తిండి.

సింగారి దగ్గర ఒక ఫోను కూడా ఉంది. పునుగుపిల్లికి ఫోనేమిటని అడక్కండి, మధ్యలో అడ్డొస్తే నేను కథ చెప్పను! ఆకు ఫోటో తీసి పెడితే చాలు, తెగులేదో, మందేదో ఆ ఫోను చెప్పేసేది.

ఒకరోజు సింగారి ఒక ఆకు తిప్పి చూసింది. అడుగున పసుప్పచ్చని పొడి!

"అమ్మో, ఇది చూపిస్తే నా తోట పరువేం కాను?" అనుకుంది. వెతికి వెతికి, నిగనిగలాడే ఆకు ఫోటో పెట్టింది.

"ఆకు బాగుంది. మందు అక్కర్లేదు" అంది ఫోను. సింగారి హాయిగా నిద్రపోయింది.

కొన్నాళ్లకి పొడి తోటంతా పాకింది. ఈసారి ఆకుని తోకతో శుభ్రంగా తుడిచి ఫోటో తీసింది. ఫోను మళ్లీ అదే మాట చెప్పింది.

ఇక ఆకులు రాలడం మొదలైంది. అప్పుడేం చేసిందో తెలుసా? పక్కనే ఉన్న సోములు అనే ముళ్లపంది తోటలో దూరి, అక్కడి ఆకుకి ఫోటో తీసింది!

సోములు చూడనే చూశాడు. "ఏం చెల్లీ, నీ తోట రాలిపోతుంటే నా చెట్టుకి ఫోటోలేంటి?"

సింగారి తల దించుకుంది. "తెగులు పట్టిందంటే నలుగురూ నవ్వుతారన్నా."

"పిచ్చిదానా! ఆ ఫోను నీకు పెళ్లిచూపులకొచ్చిందా? ఉన్నది ఉన్నట్టు చూపించు. లేకపోతే పిల్లలు పస్తులుంటారు!"

సింగారికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెళ్లి, అన్నిటికంటే పాడైన ఆకు ఏరి, వెనక్కి తిప్పి ఫోటో పెట్టింది.

"ఇది తుప్పు తెగులు. రాలిన ఆకులు ఏరి పాతిపెట్టండి. ఆకు అడుగు తడిసేలా, మైలుతుత్తం సున్నం కలిపిన బోర్డో మందు కొట్టండి" అంది ఫోను.

ఇద్దరూ కలిసి మందు కొట్టారు. తోటలో కింది వరసల చెట్లు అప్పటికే మోడైపోయాయి, పాపం. పై వరసలవి నిలిచాయి. ఆ ఏడు పళ్లు తక్కువే వచ్చాయి, అయినా పిల్లల కడుపు నిండింది.

ఇప్పుడు చిన్న మచ్చ కనిపించినా సరే, "సోములన్నా, నా తోటకి తెగులొచ్చినట్టుంది!" అని సింగారి కొండంతా వినబడేలా కేకేస్తుంది. ఎవరూ నవ్వరు. ఇన్నాళ్లూ దాచుకున్న తమ మచ్చల ఆకులు పట్టుకుని, చుట్టుపక్కల తోటలవాళ్లూ సింగారి ఫోను దగ్గరికి పరిగెత్తుకొస్తారు.

నీతి: మంచి సలహా కావాలంటే, మన లోపాన్ని దాచకుండా చూపించాలి.