ఎంత అని అడిగే చిలుక

అనగా అనగా కుందనగిరి అని ఒక రాజ్యం. దానికి ఉదయకేతుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడు, రాజ్యమేలాలి. రెండోవాడు రత్నకేతుడు, మంత్రాంగం నడపాలి. మూడోవాడు పుట్టేసరికి పనులూ అయిపోయాయి, పేర్లూ అయిపోయాయి. చిన్నకేతుడని పిలిచి ఊరుకున్నారు.

ఒకనాడు చిన్నకేతుడు తల్లి దగ్గర చేరి, "అమ్మా, పెద్దన్న రాజ్యానికి, చిన్నన్న మంత్రాంగానికి. మరి నేనెందుకు?" అని అడిగాడు. రాణి చాలాసేపు ఆలోచించి, పెరుగన్నం కలిపి పెట్టింది.

ఇది ఇలా ఉండగా, ఏడు సముద్రాల అవతల మానదండుడనే మాంత్రికుడు ఉన్నాడు. మానదండం అంటే కొలకర్ర, పిల్లలూ. పేరుకు తగ్గట్టే వాడు కొండల్ని కొలిచాడు, నదుల్ని కొలిచాడు, చుక్కకీ చుక్కకీ మధ్య దూరం కూడా కొలిచాడు. అంతా అయ్యాక, నేను కొలవలేని మనిషి ఎవడైనా ఉంటే రమ్మనమని దేశదేశాలా చాటింపు వేయించాడు.

రణకేతుడికి రోషం వచ్చింది. వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను వెతకడానికి రత్నకేతుడు వెళ్ళాడు. అతనూ తిరిగి రాలేదు. రాజు మంచం పట్టాడు. అప్పుడు చిన్నకేతుడు ప్రయాణమయ్యాడు. నువ్వు కూడానా అని రాజు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఎవరో ఒకరు వెళ్ళాలి కదా నాన్నగారూ. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే" అన్నాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. చిన్నకేతుడు దాన్ని బోర్లా తిప్పి, డిప్పకు అంటిన ఇసుక దులిపాడు. తాబేలు ఊపిరి పీల్చుకుని, మీ అన్నలిద్దరినీ మోసింది నేనే, నువ్వూ ఎక్కు నాయనా, అంది.

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. మూడోది కల్లు సముద్రం, దాన్ని తాబేలు ముక్కు బిగబట్టి ఈదింది. నేతిది, పెరుగుది, పాలది కూడా దాటారు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. ఆ నీళ్ళు ఎంత తేటవంటే, ఆకాశమంతా వాటిలో దిగిపోయింది. పైన ఆకాశం, కింద ఆకాశం, ఏ పక్క చూసినా ఒడ్డు లేదు. చిన్నకేతుడు డిప్పను గట్టిగా పట్టుకున్నాడు.

"తాబేలు తాతా, ఇంత లోకంలో నేను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే కదా?"

"లోకం సంగతి నాకు తెలీదు నాయనా," అంది తాబేలు. "నా వీపుకి మాత్రం నీ బరువు బాగానే తెలుస్తోంది. కొంచెం ముందుకు జరుగు."

చిన్నకేతుడికి నవ్వు వచ్చింది. జరిగి కూర్చున్నాడు. అప్పుడు తాబేలు అసలు సంగతి చెప్పింది. మాంత్రికుడి దగ్గర ఒక చిలుక ఉంది. వాడి ప్రాణం, మాయ రెండూ దానిలోనే. నువ్వెంత అని వాడు అడుగుతాడు. కొండంత అన్నాడు రణకేతుడు. కొండెంత, అంది చిలుక. భూమి మీద గుప్పెడంత, అన్నాడతను. భూమెంత? ఆకాశంలో ఆవగింజంత. ఇలా ఒక్కో జవాబుకీ చిక్కిపోయి చివరికి ఇసుక రేణువయ్యాడు. రత్నకేతుడు సభామర్యాదలు తెలిసినవాడు కదా, చేతులు జోడించి, అయ్యో తమ ముందు నేనెంత, అన్నాడు. ఆ ఒక్క మాటతోనే రేణువయ్యాడు. చిలుకను చంపితే మాంత్రికుడు చస్తాడు కానీ ఇసుక ఇసుకగానే ఉండిపోతుంది. తనంత తానుగా ఆ చిలుకే "చాలు" అనాలి. అప్పుడే మాయ విడిపోతుంది.

ఒడ్డు చేరేసరికి ఒక అమ్మాయి ఇసుక మీద తన పైట చెంగు పరిచి, గాలికి రేణువులు ఎగిరిపోకుండా కాస్తోంది. ఆమె హేలావతి, మల్లెవాడ రాజు కూతురు. తండ్రిని వెతుక్కుంటూ వచ్చి, చిలుక ఎంత అడిగినా నోరు విప్పక మనిషిగా మిగిలింది. ఆమె ఇసుకను చూపించి, మీవాళ్ళూ మావాళ్ళూ ఇందులోనే ఉన్నారని సైగ చేసింది. తర్వాత కోటలోకి తీసుకువెళ్ళి పంజరంలో ఎండిపోయిన గిన్నె చూపించింది. ఊచల సందులో తన చెయ్యి దూర్చబోయి, పట్టక, ఒరుసుకుపోయిన వేళ్ళు చూపించింది. పక్కనే చెట్టు నిండా జామపళ్ళు. కొలతలు తీసిన పళ్ళు కనుక మాంత్రికుడు ఒక్కటీ తిననివ్వడు.

చిన్నకేతుడు ఒక పండు కోసి ముక్కలు చేస్తుండగానే మానదండుడు వచ్చి పడ్డాడు.

"ఒరే, నువ్వెంతరా?"

చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ళ ముందు అలవాటైన మాట! నాలుక తనంతట తానే కదిలింది. "నేనెం..." అనేశాడు. చటుక్కున పెదవి కొరుక్కున్నాడు కానీ సగం మాట జారిపోయింది. సగం మనిషి తగ్గిపోయాడు. మాంత్రికుడి నడుము దగ్గరకు వచ్చింది తల. మాంత్రికుడు పగలబడి నవ్వాడు. చిలుక, "ఎంత? ఎంత?" అంటూ ఊచలు పట్టుకుంది.

చిన్నకేతుడు తన చేతిని చూసుకున్నాడు. పసిపిల్లవాడి చెయ్యంత అయింది. పంజరం వైపు చూశాడు. ఊచల సందు చూశాడు. పీట వేసుకుని ఎక్కి, జామముక్కతో సహా చెయ్యి లోపలికి పెట్టాడు. అతికినట్టు పట్టింది.

"నేను తగినంత," అన్నాడు.

"దేనికి తగినంతరా?" అని గర్జించాడు మాంత్రికుడు.

"దీనికి అన్నం పెట్టడానికి."

మీ అమ్మను చారులో ఉప్పెంత అని అడిగి చూడండి, పిల్లలూ. తగినంత అంటుంది. అది కొండంతా కాదు, ఆవగింజంతా కాదు. దాన్ని ఏ కొలకర్రతో కొలుస్తారు? మాంత్రికుడికీ అదే చిక్కు వచ్చింది. తగినంతెంత, తగినంతెంత అని గొణుక్కుంటూ వేళ్ళు మడిచాడు, విప్పాడు. ఏళ్ళ తరబడి పస్తున్న చిలుక మాత్రం ముక్క తర్వాత ముక్క అందుకుంటోంది. నోరు ఖాళీ అయితే కదా ఎంత అని అడగడానికి! చివరి ముక్క మింగి, ముక్కు ఊచకు రుద్దుకుని, మెల్లగా అంది.

"చాలు."

పంజరం తలుపు ఊడిపోయింది. చిలుక జామచెట్టెక్కింది. ఒడ్డున ఇసుక లేచి మనుషులైంది. రణకేతుడు, రత్నకేతుడు, మల్లెవాడ రాజు, ఇంకా ఎందరో ఒళ్ళు దులుపుకుంటూ వచ్చారు. చిన్నకేతుడు నిండు మనిషయ్యాడు. మానదండుడు మామూలు ముసలివాడై, ఆకలేస్తోందని గుమ్మంలో కూలబడ్డాడు. అతనికీ ఒక పండిచ్చారు.

అప్పుడు నోరు విప్పింది హేలావతి. "మూడేళ్ళుగా మాటలు దాచుకున్నాను. వినే ఓపిక ఉంటేనే నన్ను పెళ్ళాడు" అంది చిన్నకేతుడితో. ఉందన్నాడు. పెళ్ళి ఏడు రోజులు జరిగింది. మగపిల్లలు లేని మల్లెవాడ రాజు అల్లుడికే పట్టం కట్టాడు. హేలావతి చెబుతూ ఉంటే వింటూ, రాజ్యంలో ఏ పొయ్యి వెలగలేదో కనుక్కుంటూ, అతను చాలాకాలం చల్లగా ఏలాడు.

కథ ఏడు సముద్రాలూ దాటి వెళ్ళిపోయింది. సందె పడింది, లేచి ఆ దీపం వెలిగించండి. ఇంత చీకటికి అదేం సరిపోతుందని అడక్కండి. మన గుమ్మం కనిపిస్తే ఇంటికొచ్చేవాళ్ళకు తోవ తెలుస్తుంది.