పసరు చుట్టూ ఖాళీ

రండమ్మా, రండి, చాప మీద కాస్త సర్దుకోండి, పిల్లల్ని ఒళ్ళో వేసుకోండి. గోడకానుకున్న బాబుగారూ, మీరూ ముందుకి జరగండి. ఆ నరసింహస్వామి అందరికీ తెలివి పెట్టాడు. బుల్లియ్య ఇంటికి మాత్రం మూటకట్టి పంపాడు. పాడైపోతుందని వాళ్ళు ఇప్పటిదాకా విప్పలేదు!

"మన తెలివి బయటికి తీస్తే ఊరు పట్టదు" అనేవాడు బుల్లియ్య. "నిజమే అన్నయ్యా" అనేవాడు తమ్ముడు సన్యాసి. బుల్లియ్య పెళ్ళాం అచ్చియ్యమ్మా తలూపేది గానీ, ఆవిడ మనసంతా తన నల్లపెట్ట మీదే. దాని కాలికి చీము పట్టింది మరి.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్ళారు. "ఊరికే యాంటీబయాటిక్ సూదులు పొడిస్తే క్రిములు మొండికేస్తాయి. అందుకే ఆకుపసర్లు పరీక్షిస్తున్నాం" అంటూ ఆవిడ ఒక గాజుపళ్ళెం చూపించింది. పళ్ళెం నిండా మంచులా క్రిములు. మధ్యలో పసరు చుక్క, దాని చుట్టూ గుండ్రంగా ఖాళీ. "ఇలా ఖాళీ వస్తే పసరు పనిచేసినట్టు. పక్కన వట్టి నీళ్ళ చుక్క వేసి పోల్చుకుంటాం. ఇంకా ఏదీ తేలలేదు, మీరేమీ పుయ్యకండి. ఎల్లుండి నేనే వచ్చి కాలు చూస్తాను."

"పుయ్యద్దంది పెట్టకే కదా!" అన్నాడు సన్యాసి. అంతే! వావిలాకు, వెల్లుల్లి కలిపి నూరి, ఎండలో పులియబెట్టి పెరట్లో పుంజుకి పట్టించారు. ఆ కంపుకి పెట్టలన్నీ పరుగో పరుగు.

"ఖాళీ! చుట్టూ ఖాళీ!" బుల్లియ్యకి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఇంకేముంది, మర్నాడు సంతకి బయల్దేరారు. సన్యాసి ఒళ్ళంతా పసరు. బుల్లియ్య పోల్చుకోడానికని కుండెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాడు. సన్యాసికి బారెడు దూరంలో జనం ముక్కులు మూసుకున్నారు. బుల్లియ్య కాళ్ళు మాత్రం అందరూ తొక్కారు. ఓ గేదె వచ్చి భుజం కూడా నాకింది.

"తేలిపోయింది! పసరు పనిచేసింది, నీళ్ళు దండగ!"

అంతే, ఇంటికొచ్చి కోళ్ళ నీళ్ళ మూకుడు బోర్లించాడు. మంచినీళ్ళ కుండ పారబోశాడు. "పనిచెయ్యనిదాన్ని తాగడమేంటే?" అన్నాడు. తెల్లారి ఎండెక్కేసరికి ముగ్గురి నాలుకలూ అప్పడాలు. నల్లపెట్ట నోరు తెరిచి రెక్కలు వాల్చేసింది.

అచ్చియ్యమ్మ మనసు ఆగలేదు. "ఏవయ్యా, అది చచ్చిపోయేలా ఉంది. మందుగా పొయ్యనులే, నీళ్ళుగానే పోస్తాను."

బుల్లియ్య చాలాసేపు ఆలోచించాడు. "నీళ్ళుగా అయితే పొయ్యి."

పొరుగింటి బావి నుంచి దోసిట్లో తెచ్చింది. దారిలోనే కారిపోయాయి. మళ్ళీ పరిగెత్తి, ఈసారి వేళ్ళు బిగించి తెచ్చింది. పెట్ట ముక్కు ముంచింది, మెడెత్తింది, మళ్ళీ ముంచింది. "నా తల్లే, నా బంగారమే!" అంది అచ్చియ్యమ్మ.

అప్పుడే వచ్చింది డాక్టరమ్మ. కాలు కడిగి, కట్టుకట్టి, "భయం లేదు, బతుకుతుంది" అంది. దణ్ణం పెడదామని సన్యాసి దగ్గరికొచ్చాడు. ఆవిడ ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. వీడు ముందుకి. ఆవిడ గుమ్మం దాటేసింది.

"అన్నయ్యా! పసరుకి పారిపోయేదేంటి?"

"క్రిమి!"

"మరి ఈవిడ?"

"ఓరి నాయనో! ఎంత క్రిమిరా! పైగా చదువుకున్న క్రిమి!"

ఇంకేముంది, చెప్పులు చేతపట్టుకుని డాక్టరమ్మ ముందు, పసరు కుండెత్తుకుని అన్నదమ్ములు వెనక!

వాళ్ళనలా పరిగెత్తనివ్వండమ్మా. మీరు మాత్రం అచ్చియ్యమ్మ దోసిలి గుర్తుంచుకోండి. ఇంటికెళ్ళగానే ఏ కోడికో, ఏ పిచ్చుకకో మూకుడు నిండా నీళ్ళు పెట్టండి. స్వామి చల్లగా చూస్తాడు.