ముల్లు మీద మూడు ఆకులు

కొండవాగు అవతలి అడవిలో వానాకాలం అంటే అందరికీ భయమే. వాగు పొంగిందంటే నాలుగు నెలలు ఎవరూ ఎటూ కదలలేరు. అందుకే తొలకరికి ముందే ప్రతి తల్లీ తన పిల్లని ఏదో ఒక బడిలో చేర్చేస్తుంది. తిండీ నీడా చదువూ అన్నీ అక్కడే.

బడులు మూడున్నాయి. కొండ కొమ్మున గద్ద గట్టు. అక్కడ పన్నెండు చోట్లు ఉంటే చేరాలనుకునేవాళ్ళు తొంభై మంది. వాలులో కొండముచ్చు తోపు. అక్కడ చెట్టెక్కడం బాగా వచ్చిన నలభై మందిని తీసుకుంటారు. అడుగున తాబేలు మడుగు. అరవై చోట్లు, ఎవరొచ్చినా సరే, ముందొచ్చినవాళ్ళకి ముందు. అది ఏనాడూ సగం కూడా నిండలేదు.

నిరుటిదాకా ఒక్కో పిల్ల మూడు బడుల్లోనూ చోటు పట్టుకుని కూర్చునేది, ఇంకో పిల్లకి కోరిన చోట దొరికేది కాదు. ఆ గోల భరించలేక ఈ ఏడు గుడ్లగూబ కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి ఇంటివాళ్ళూ ఒక తుమ్మముల్లుకి తమకి కావలసిన బడుల ఆకులు గుచ్చి తేవాలి, ఒక్కో పిల్లకి ఒక్క చోటే. గట్టుకి జిల్లేడాకు, తోపుకి మామిడాకు, మడుగుకి తామరాకు ముక్క. పిల్లల్ని గురువులు ముందే చూసి, ఎవరిని తీసుకుంటారో గుడ్లగూబకి మాత్రమే చెప్పారు. అంతవరకు చాటి గుడ్లగూబ తొర్రలోకి పోయి పడుకుంది. పగలంతా నిద్రపోయేవాళ్ళు పద్ధతులు పెడితే ఇంతే. సందేహం వస్తే ఎవరిని అడగాలి?

అందరూ నక్కని అడిగారు.

ఉడుత చారలమ్మ కూడా వెళ్ళింది. ఆమె పెద్దకొడుకు నిరుడు గట్టు తప్ప ఇంకే బడీ వద్దని భీష్మించి, అక్కడ చోటు దొరక్క వానాకాలమంతా కారే తొర్రలో గడిపాడు. ఆ దగ్గు ఇంకా తగ్గలేదు. ఇప్పుడు కూతురు గింజ వంతు. గింజ తోక అప్పుడే గుబురుగా వస్తోంది, తొర్ర ఇంకా కారుతూనే ఉంది.

"అన్నయ్యా, ఈ ఆకులు ఏ వరసలో గుచ్చాలి?" అంది చారలమ్మ.

"ఇంత చిన్న విషయానికి అంత దిగులెందుకు చెల్లెమ్మా? తప్పకుండా వచ్చేది ఏది?"

"మడుగు."

"అయితే తామరాకు పైన పెట్టు. ముందు ఒకటి చేతిలో పడనీ. తర్వాత గుడ్లగూబ కింది ఆకులు తీరిగ్గా చూస్తుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందన్నట్టు జిల్లేడాకు పైన పెట్టుకుంటే నవ్వుతారు."

వినడానికి బాగానే ఉంది. కానీ నక్క కొడుకు కుంచె పక్కనే ముల్లు పట్టుకుని కూర్చున్నాడు. దానికి ఒక్క జిల్లేడాకే ఉంది.

"మీవాడికి ఒక్కటేనా అన్నయ్యా?"

"మా ఇంటి సంగతి వేరులే," అంది నక్క. చారలమ్మ వెనక ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు. నక్క అందరికీ అదే మాట చెప్పింది.

తామరాకు పైన గుచ్చుకుని ఇంటికి వస్తుంటే అడవి అంచున పొలం గట్టు మీద ముసలి ఎద్దు ఎదురైంది.

"మూడు ఆకులెందుకు అమ్మాయ్? రెండు పడవల మీద కాళ్ళు పెడితేనే మునుగుతారు. నువ్వు మూడింటి మీద పెడుతున్నావు."

"మరి ఒక్కటే పెడితే, అదీ రాకపోతే తాతా?"

"రాకపోతే రాలేదు. నేను ఒకే కాడి కింద పుట్టి పెరిగాను."

"నీకు కాడి తప్పేదా తాతా?"

"తప్పేది కాదు," అని ఎద్దు ఒప్పుకుంది. కానీ సలహా మాత్రం వెనక్కి తీసుకోలేదు.

చారలమ్మ రెండాకులు పీకేసింది. తర్వాత కాకి వచ్చింది.

"ఒక్కటేనా వదినా? నేనైతే ముల్లు నిండా గుచ్చాను. మామిడాకులే నాలుగు పెట్టాను."

"ఒకే ఆకు నాలుగుసార్లు పెడితే నాలుగు చోట్లొస్తాయా?"

"ఏమో. పెడితే పోయేదేముంది?"

చారలమ్మ పీకినవి మళ్ళీ గుచ్చింది. ఈసారి జిల్లేడు పైకొచ్చింది, కాసేపటికి మామిడి పైకొచ్చింది. సాయంత్రానికి ఆకులన్నీ చిల్లులు పడి జల్లెడలయ్యాయి.

"అమ్మా," అంది గింజ, "పద్ధతి పెట్టినాయన్ని అడగలేమా?"

"ఆయన పడుకున్నాడే."

"పొద్దు గూకుతోందిగా. లేస్తాడు."

ఇద్దరూ వెళ్ళేసరికి గుడ్లగూబ ఒక కన్ను తెరిచి ఉంది.

"పై ఆకు నుంచి చూస్తాను," అంది. "ఏ బడివాళ్ళు సరే అంటే అక్కడితో ఆగిపోతాను. కింది ఆకులు చింపేస్తాను."

"అంటే మడుగు పైన పెడితే?"

"మడుగుకే పోతుంది. గద్ద రమ్మన్నా లాభం లేదు."

"మరి ఏది పైన పెట్టమంటారు?"

"మీకేది ఇష్టమో నాకేం తెలుసు? పన్నెండు రోజులుగా ఈ తొర్రలోనే ఉన్నాను. అడగడానికి వచ్చింది మీరే."

చారలమ్మకి పై ఆకు సంగతి తెలిసింది గానీ అడుగున ఉన్నదాని మీద ఇంకా గుబులే. ఎవరైనా చేరొచ్చనే చోట పిల్లని ఎలా ఉంచాలి? మర్నాడు పొద్దున్నే గింజని తీసుకుని మడుగుకి వెళ్ళింది. తాబేలు పంతులు ఎండ కాచుకుంటున్నాడు.

"పంతులు గారూ, మావాళ్ళకి ఈత రాదు. ఇక్కడ ఉడుతపిల్లకి ఏం చెబుతారు?"

"ఈతే రావాలనేముంది? ఒడ్డున నేరేడు చెట్టుంది. గింజలు ఎక్కడ దాస్తే తడవవో, నీళ్ళు ఎంతదాకా వస్తాయో మట్టిని చూసి చెప్పడం నేర్పుతాను. ఎనభై వానలు చూశాను."

గింజ అప్పటికే నేరేడు చెట్టెక్కి కొమ్మలో తొర్ర వెతుకుతోంది. తొర్ర పొడిగా ఉంది.

"ఇంత బాగుంటే అందరూ మొహం చిట్లిస్తారేంటండీ?"

"అడగ్గానే దొరుకుతుంది కాబట్టి," అన్నాడు తాబేలు, తల లోపలికి లాక్కుంటూ.

దారిలో ముంగిసమ్మ కనిపించింది. ఆమె కూతురు చూపు ఎంత చురుకంటే గట్టు మీద గద్దే మెచ్చుకుందని అడవంతా చెప్పుకున్నారు. ముంగిసమ్మ ముల్లు మీద పైన తామరాకుంది.

"అక్కా, అది మార్చు. గుడ్లగూబ పైదాని దగ్గరే ఆగిపోతుందట," అంది చారలమ్మ.

"నక్కన్న అలా చెప్పలేదే."

"గుడ్లగూబే నాతో చెప్పింది."

"అడవంతా ఒక దారిన పోతుంటే నీ ఒక్కదానిదే వేరే దారా? నిన్న పొద్దుటి నుంచి నువ్వు ఎన్నిసార్లు మార్చావో కాకి చెప్పింది," అని ముంగిసమ్మ నడిచిపోయింది. చారలమ్మ ఇంటికెళ్ళి ముల్లుని మూడుసార్లు తిప్పి చూసింది. జిల్లేడు, మామిడి, తామర. ఈసారి మాత్రం పీకలేదు.

ఆకులు ఇచ్చే రోజు మధ్యాహ్నానికే మబ్బు పట్టింది. గుడ్లగూబ కళ్ళు చికిలించుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ ముల్లు వచ్చినట్టు తీసుకుంది.

ముంగిసమ్మ ముల్లు అందుకుంది. "తామరాకు. మడుగు సరే అంది." మిగతా రెండు ఆకులు చింపేసింది.

"అయ్యో, కింద జిల్లేడాకుంది, చూడండి," అంది ముంగిసమ్మ.

"చూశాను. గద్ద కూడా సరే అంది. కానీ మీరు ముందు మడుగు అడిగారు."

ముంగిసమ్మ తర్వాత దుప్పి, కుందేలు, అడవికోడి, అందరూ తామరాకు పైన పెట్టినవాళ్ళే. తాబేలు బడి ఏనాడూ చూడనంత మంది పిల్లలు మడుగు వైపు నడిచారు. కాకి తెచ్చిన మామిడాకులు నాలుగూ కలిపి ఒక్క చోటే ఇచ్చాయి.

చారలమ్మ వంతు వచ్చింది. "జిల్లేడు. గద్ద వద్దంది. గాలి చూడమంటే పిల్ల కాయల వైపు చూసిందట." గింజ తల దించుకుంది. "మామిడి. తోపు సరే అంది. ఇంకా ఇరవై చోట్లున్నాయి." మిగిలిన తామరాకు చింపుతుంటే గింజ ఆ నేరేడు చెట్టుని తలుచుకుని కొంచెం నొచ్చుకుంది కూడా.

చివర నక్క వచ్చింది, తొందరేం లేదన్నట్టు తోక ఊపుకుంటూ. పోటీదారులందరినీ తనే మడుగుకి పంపించేసింది మరి.

"జిల్లేడాకు," అంది గుడ్లగూబ. "గద్ద వద్దంది."

నక్క నవ్వింది. "సరిగ్గా చూడండి. పన్నెండులో ఎన్ని నిండాయి?"

"మూడు."

"తొమ్మిది ఖాళీ పెట్టుకుని మావాణ్ణి వద్దంటుందా?"

"చోటుందని గద్ద ఎవరినీ తీసుకోదు. చూపుంటే తీసుకుంటుంది. గద్ద పిల్లల్ని చూసిన రోజు గట్టు మీద మీవాడు పొద్దుటి నుంచీ పక్కవాళ్ళు ఏం చెబుతున్నారో విన్నాడే గానీ కిందికి చూడలేదట. రెండో ఆకేది?"

నక్క ముల్లు అటూ ఇటూ తిప్పింది. ఎటు తిప్పినా అదే ఆకు.

"పోనీండి, మడుగులో వేసెయ్యండి. అక్కడ ఎప్పుడూ ఖాళీయే కదా."

"ఈ ఏడు అరవైకి అరవై నిండిపోయాయి. ఎవరో బాగా ప్రచారం చేశారట."

"తోపు?"

"మీవాడు చెట్టెక్కగలడా?"

నక్క కొడుకు వైపు చూసింది. కుంచె తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తొలి చినుకు జిల్లేడాకు మీద పడింది. గుడ్లగూబ తొర్రలోకి జరిగింది. తండ్రీకొడుకులు వాగు ఒడ్డున బురదలోని తమ గుంట వైపు నడిచారు. దారిలో ఒక్కసారి మాత్రం కుంచె అడిగాడు: "నాన్నా, అందరికీ చెప్పినప్పుడు నాకూ ఒక తామరాకు గుచ్చొచ్చు కదా?"

నక్క ముల్లుని బురదలోకి విసిరేసి నడక వేగం పెంచింది.

ఎంత ఎత్తుకైనా ఆశపడు, కానీ కాలు జారితే నిలబడే నేలని ముందే వెళ్ళి చూసి, ఇష్టపడి ఉంచుకో.