బొట్టు పెట్టిన సీసపు కుండ

సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్లోని విశ్వవిద్యాలయంలో పరాంకుశం అనే ఆచార్యుడు ఉండేవాడు. కంటికి కనపడని వస్తువు ఇక లేనట్టేనని ఆయన గట్టి నమ్మకం.

ఆయన భౌతికశాస్త్ర విభాగానికి అధిపతి. పాఠం చెబితే వెనక బెంచీవాళ్లు కూడా చెవులు రిక్కించేవారు. చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడు అంతకన్నా కాదు. కాకపోతే విరిగిన కుర్చీ కనపడితే తెర వెనక్కి తోయించేవాడు. గోడ బీటలు వారితే దాని మీద క్యాలెండరు తగిలించేవాడు. ఇంట్లో గాజు గ్లాసు పగిలితే ముక్కలు బీరువా కిందికి నెట్టి, "చూశావా, ఎంత శుభ్రంగా ఉందో!" అని భార్యతో అనేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. మన ఆచార్యుడు బాగా చదువుకున్నవాడు కాబట్టి అదే పని కళ్లు తెరుచుకుని చేసేవాడు.

ఆ విభాగంలో సామాన్ల గది ఒకటి ఉండేది. గది మూల ఒక సీసపు కుండ. చూస్తే బిందె అంత, ఎత్తబోతే ఇద్దరు వస్తాదులు కావాలి. దాని లోపల చిటికెనవేలి గోరంత బిళ్ల ఉంది. ఎప్పుడో పరిశోధనలకు వాడి వదిలేసిన రేడియోధార్మిక పదార్థం అది. దానికి వాసన లేదు, చప్పుడు లేదు. అయినా దానిలోంచి కిరణాలు పగలూ రాత్రీ వస్తూనే ఉంటాయి. అవి కంటికి కనపడవు. కానీ మూత తీసి దగ్గర కూర్చున్నవాళ్ల ఒంటిని మంట తెలియకుండానే కాల్చేస్తాయి. వాటిని ఆపాలంటే మందపాటి సీసం లాంటిది అడ్డం ఉండాలి. అందుకే ఆ కుండకు బరువైన మూత, మూత మీద ఎత్తడానికి ఒక కడియం, కదలకుండా ఒక తాళం ఉండేవి. కుండ పొట్ట మీద పసుపు చదరంలో నల్లటి మూడు రేకుల గుర్తు ఉండేది. దూరంగా ఉండమని ప్రపంచమంతా వాడే గుర్తు అది.

విశ్వవిద్యాలయంలో ఇలాంటివాటి భద్రత చూసే అధికారి పేరు మెహరున్నీసా. ఆమె గట్టి మనిషి. పరాంకుశం ఎక్కడ ఎదురైనా ఆమె నోట ఒకటే మాట.

"సార్, ఆ కుండ పని అయిపోయింది. ఇక మన దగ్గర ఉండకూడదు. ఇలాంటివి భద్రంగా దాచే కేంద్రానికి పంపేద్దాం."

"మూల పడి ఉంది కదమ్మా, ఎవరికి అడ్డం?" అనేవాడు పరాంకుశం.

"అడ్డం కాదు సార్, ప్రమాదం."

"చూద్దాంలే."

ఈ 'చూద్దాం' విని విని మెహరున్నీసాకు విసుగొచ్చింది. తనే తిరిగి, తనే మాట్లాడి, కేంద్రం నుంచి బండి వచ్చే ఏర్పాటు చేసింది. "దసరా మర్నాడు బండి వస్తోంది సార్. అంతవరకు కుండని కదపకండి" అని మరీ మరీ చెప్పింది. పరాంకుశం తలూపాడు. తల ఊపితే పోయేదేముంది?

దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆయుధపూజ. ఆ విభాగంలో అదొక పెద్ద వేడుక. ప్రయోగశాలలోని యంత్రాలన్నీ తుడిచి, ఆవరణలో డేరా వేసి, వరసగా పేర్చి, ప్రతిదానికీ గంధమూ కుంకుమా పెట్టేవారు. సూక్ష్మదర్శినికి చామంతి దండ వేసేవారు. ఆ ఏడు పండగ వెళ్లగానే పెద్దల బృందం తనిఖీకి వస్తోంది. పరాంకుశం ఉత్సాహానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

"ఈసారి పాత ఇనుపముక్క కూడా తళతళలాడాలి!" అన్నాడు.

పెయింటర్లు వచ్చారు. పాత పెట్టెలకూ బల్లల కాళ్లకూ వెండిరంగు వేశారు. చివరికి కుండ దగ్గరికి వచ్చి, "దీని మీద ఏదో గుర్తుందండీ" అన్నాడు పెయింటరు. పరాంకుశం తలుపు దగ్గరి నుంచే చూశాడు. వెలిసిపోయిన పసుపు, పెచ్చులూడిన నలుపు, తుప్పు పట్టిన తాళం. ఆయన కంట్లో నలుసు పడ్డట్టయింది.

"ఆ మచ్చ మీద కూడా కొట్టెయ్యవయ్యా. ఆ తాళం చూడు, దరిద్రంగా లేదూ? తీసి పారెయ్" అన్నాడు.

కుండ వెండిలా మెరిసింది. గది కడగడానికి దాన్ని తోపుడుబండి మీద బయటికి తెచ్చి డేరా వెనకాల దింపారు. పూజవేళ పరాంకుశం స్వయంగా దానికీ ఉంగరపు వేలితో ఇంత కుంకుమబొట్టు పెట్టాడు. పెట్టి, దాని సంగతి మర్చిపోయాడు.

ఆ డేరా వేసినవాడు అప్పలకొండ. ఆవరణ అంతా సిమెంటు నేల. మేకులు దిగవు. అందుకని అతను పెద్ద డబ్బాల్లో సిమెంటు పోసి, పైన కడియాలు బిగించి, వెండిరంగు వేసి బరువులుగా వాడేవాడు. డేరా తాళ్లు ఆ కడియాలకు కట్టేవాడు.

సాయంత్రం పూజ అయ్యాక పరాంకుశం అతన్ని పిలిచాడు.

"అప్పలకొండా, రేపు విజయదశమి. మా మనవరాలికి అక్షరాభ్యాసం. ఇక్కడ విప్పి నేరుగా మా ఇంట్లో వేసెయ్."

"అలాగేనండి బాబూ. పొద్దు పొడిసేసరికి పందిరి మీ వాకిట్లో ఉంటాది" అన్నాడు అప్పలకొండ.

అతని మనుషులు డేరా విప్పారు. గుడ్డలు, గుంజలు, బరువులు ట్రాక్టరులో వేశారు. డేరా వెనకాల ఉన్న ఒక బరువు మిగతావాటికన్నా బరువుగా ఉందని గొణుక్కుంటూ దాన్నీ ఎక్కించారు. అదీ వెండిరంగే, దానికీ కడియమే. ఎవరు మాత్రం ఏం అనుకుంటారు?

మర్నాడు ఉదయం పరాంకుశం ఇల్లు పెళ్లివారి ఇల్లులా ఉంది. వియ్యంకులు వచ్చారు. పురోహితుడు పళ్లెంలో బియ్యం పరిచాడు. మనవరాలు విరజ పట్టు పరికిణీ కట్టుకుని ఒక్క చోట నిలవకుండా తిరుగుతోంది. ఆకాశం మాత్రం నల్లబడుతోంది. సముద్రం వైపు నుంచి ఈదురుగాలి మొదలైంది. డేరా గుడ్డ ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేస్తోంది, దిగుతోంది.

అప్పుడే పరాంకుశం ఫోను మోగింది.

"సార్, రేపటి బండి కోసం కుండ చూసుకుందామని వచ్చాను. గదిలో లేదు!" అంది మెహరున్నీసా.

"ఉంటుంది చూడమ్మా. గది కడిగించాం. బయట పెట్టించాను, డేరా వెనకాల..."

ఆయన చూపు తన వాకిట్లోని డేరా మూలలకు వెళ్లింది. ఒక మూల డబ్బా. రెండో మూల డబ్బా. మూడో మూలా డబ్బాయే. నాలుగో మూల లావాటి పొట్టతో, నున్నగా, వెండిలా మెరుస్తూ సీసపు కుండ! దాని మీద నిన్న తను పెట్టిన బొట్టు చెక్కుచెదరలేదు.

అదేమిటో ఆయనకు తెలుసు. అయినా పాత అలవాటు ముందు తలెత్తింది. 'వియ్యాలవారి ముందు పరువేం కాను? మెల్లగా పెరట్లోకి తోయించి, పైన ఒక గోనె కప్పేస్తే...' అనుకున్నాడు.

అంతలో పెద్ద గాలి వీచింది. డేరా పైకి లేచింది. తాడు బిగిసింది. ఆ తాడు కట్టింది మూత కడియానికి! తాళం లేని మూత కిర్రుమంటూ వేలెడంత పైకి లేచి మళ్లీ దిగింది. సరిగ్గా అప్పుడే విరజ చేతిలో బంతిపువ్వు పట్టుకుని కుండ వైపు పరుగెత్తుతోంది.

"ఎక్కడికే?" అని అరిచాడు పరాంకుశం.

"దీనికి బొట్టుంది తాతయ్యా! ఇది దేవుడు! దేవుడికి పువ్వు పెడతా!" అంది విరజ.

పరాంకుశానికి పరువు గుర్తు రాలేదు, వియ్యంకులు గుర్తు రాలేదు. పట్టుపంచె పైకెగ్గట్టి ఒక్క ఉరుకు ఉరికాడు. పిల్ల మూత దాకా చెయ్యి చాపేలోపు నడుం పట్టి ఎత్తుకుని వెనక్కి తిరిగాడు.

"అందరూ బయటికి నడవండి! వీధి చివరికి! అది బరువు కాదు, మా ప్రయోగశాలలోని రేడియోధార్మిక కుండ! మూత లేస్తే ప్రాణాల మీదికొస్తుంది! దాని గుర్తు చెరిపించింది నేనే! తాళం తీయించింది నేనే!"

ఇల్లంతా గగ్గోలైంది. పురోహితుడు బియ్యం పళ్లెంతో సహా గేటు దాటాడు. వియ్యపురాలు పరుగులో అందరికన్నా ముందుంది. పరాంకుశం పిల్లని భార్య చేతికిచ్చి ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"అమ్మా, మూత కదులుతోంది. వెళ్లి మీద కూర్చోనా?"

"వద్దు సార్! దగ్గరికే వెళ్లొద్దు! దూరమే మనకు రక్ష. దూరం నుంచి తాడు కోయండి. గుంజ వైపున కోయండి. నేను వచ్చేస్తున్నా!" అంది మెహరున్నీసా.

పందిరి వేయడానికి వచ్చిన అప్పలకొండ అప్పటికే పొడుగాటి వెదురుకు కొడవలి కడుతున్నాడు. "నాను కోస్తాను బాబూ, తవరు తప్పుకోండి" అన్నాడు.

"తప్పు నాది. ఇలా ఇవ్వు" అని పరాంకుశం వెదురు అందుకున్నాడు.

ఆయన జీవితంలో ఎప్పుడూ కొడవలి పట్టలేదు. మొదటి వేటు గాలికి తగిలింది. రెండోది గుంజకు తగిలింది. గాలి హోరుమంటోంది. మూత లేస్తోంది, పడుతోంది.

"ఇంకాస్త పైకి బాబూ! ఆ ముడి కాడ! లాగండి, మీ వైపు లాగండి!" అప్పలకొండ వెనక నుంచి కేకలు వేస్తున్నాడు.

ఫట్‌మని తాడు తెగింది! డేరా ఒక్కసారిగా గాలిలోకి లేచింది. రంగురంగుల గుడ్డ ఇంటి మీదుగా ఎగిరి పొరుగింటి నీళ్ల ట్యాంకుకు చుట్టుకుంది. కుండ మాత్రం ఉన్నచోటే ఉంది. మూత కాస్త పక్కకు ఒరిగింది, కానీ ఊడలేదు.

మెహరున్నీసా జీపు దిగింది. ఆమె చేతిలో కిరణాలను కొలిచే పరికరం ఉంది. వీధిలో అది తీరిగ్గా టిక్... టిక్... అంటోంది. గేటు దాటేసరికి చప్పుడు జోరందుకుంది. వాకిట్లో అడుగు పెట్టగానే టిక్‌టిక్‌టిక్ అని ఆగకుండా మోగింది. వీధి చివర జనం ఊపిరి బిగబట్టారు. ఆమె సీసపు పలకను ముందు అడ్డం పెట్టుకుంది. పొడుగాటి కర్రతో మూతను సరిచేసి ఒక్క నొక్కు నొక్కింది. మూత ఠంగుమని కూర్చుంది. చప్పుడు తగ్గింది, తగ్గింది, మళ్లీ తీరిగ్గా టిక్... టిక్... అంది. వీధంతా చప్పట్లు మోగాయి.

ఆమె కుండకు కొత్త తాళం వేసింది. తర్వాత లెక్కలు కట్టి చూసి, "ఎవరికీ ఏమీ కాలేదు. పాప బంగారంలా ఉంది. ఇంకాసేపు ఆలస్యమైతే మాత్రం ఈ మాట అనగలిగేదాన్ని కాదు" అంది.

పరాంకుశం ఆమె ముందు తల దించుకున్నాడు. "ఆ గుర్తు మురికిగా కనపడింది తల్లీ" అన్నాడు.

"సార్, ఆ ప్రమాదంలో కంటికి కనపడేది ఆ గుర్తొక్కటే. మిగతాదంతా కనపడదు. మీరు ఆ కనపడే ఒక్కదాన్నీ చెరిపేశారు. చెరిపి, దాని చోట బొట్టు పెట్టారు. పసిపిల్లకి ఏం తెలుస్తుంది?" అంది మెహరున్నీసా.

విరజ అక్షరాభ్యాసం ఆ రోజు పొరుగింటి వరండాలో జరిగింది. తాతయ్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దించాడు.

మర్నాడు బండి వచ్చింది. పసుపు చదరం, నల్లటి మూడు రేకులు మళ్లీ పెట్టించుకుని కుండ తన చోటుకు వెళ్లిపోయింది. తనిఖీ బృందం కూడా వచ్చింది. పరాంకుశం వాళ్లను మెరిసే బల్లల దగ్గరికి తీసుకువెళ్లలేదు. నిలబడి, జరిగిందంతా తనే చెప్పాడు. ఆయన అధిపతి పదవి పోయింది. ఆ ఏడాదంతా విభాగంలో అలాంటి పదార్థాలతో పరిశోధనలు నిలిపేశారు. ఆయనకు బాధ కలిగింది, కానీ ఎవరినీ నిందించలేదు.

మళ్లీ దసరా వచ్చింది. ఇప్పుడు అలాంటి పదార్థాలకు వేరే గది ఉంది, దాని తలుపు మీద పెద్ద గుర్తు ఉంది. పండగకు ఎవరో ఆ తలుపుకు దట్టంగా మామిడాకుల తోరణం కట్టారు. విరజ చెయ్యి పట్టుకుని దూరంగా వెళుతున్న పరాంకుశం అది చూసి అక్కడే ఆగిపోయాడు.

"బాబూ, ఆ తోరణం పైకి కట్టండి! గుర్తు మీద ఒక్క ఆకు కూడా వాలకూడదు!" అని కేక పెట్టాడు.

తోరణం పైకి జరిగింది. గుర్తు బయటపడింది.

"ఆ నల్ల పువ్వేంటి తాతయ్యా?" అంది విరజ.

"అది పువ్వు కాదమ్మా. దూరంగా ఉండమని చెప్పే గుర్తు."

విరజ గబుక్కున వెనక్కి జరిగింది. జరిగి, తాతయ్య పంచె పట్టుకుని లాగింది. "మరి నువ్వు అక్కడే నిలబడ్డావేం? నువ్వూ ఇటు రా!" అంది. పరాంకుశం గట్టిగా నవ్వాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనవరాలు లాగిన వైపే బుద్ధిగా నడిచాడు.

నీతి: ప్రమాదాన్ని కంటికి కనపడకుండా చేస్తే అది పోదు, మనవాళ్ల కోసమే కాచుకుని ఉంటుంది, దాని గుర్తు అందరికీ కనపడేలా ఉంచి, దాన్ని చేర్చవలసిన చోటికి వెంటనే చేర్చడమే వివేకం.