నల్లపట్టీకి పది మార్కులు

ఆస్థానంలో చెడుగుడు ఆటగాళ్లకు మార్కులు వేసేది విరూపాక్షయ్య. ఆయన వేశాడంటే బ్రహ్మరాతే. నడుముకు ఎర్రపట్టీ కట్టే తిమ్మన్నకు ఎప్పుడూ నూటికి తొంభై, నల్లపట్టీ కోనయ్యకు ఎప్పుడూ పది. ఈసారీ పదే వస్తే కోనయ్యను కోట వదిలి పొమ్మన్నాడు రాజు.

ఆట ముగిసింది. ఆటగాళ్లంతా మొహాలు ఆనవాలు పట్టలేనంత బురదతో నిలబడ్డారు.

"ఎర్రపట్టీకి తొంభై, నల్లపట్టీకి పది," అన్నాడు విరూపాక్షయ్య.

"సరిగ్గా చూశావా?" అడిగాడు రాజు.

"రెప్ప వాల్చలేదు ప్రభూ!"

భటులు నల్లపట్టీవాడి రెక్క పట్టుకున్నారు. అప్పుడు ఎర్రపట్టీవాడు ముందుకొచ్చి మొహం తుడుచుకున్నాడు. కోనయ్య!

"ఇవాళ మేమిద్దరం పట్టీలు మార్చుకుని ఆడాం ప్రభూ. పది తెచ్చుకుంటున్నది ఆ పట్టీయే. దాన్ని వెళ్లగొట్టండి."