చల్లగా ఉన్న చక్రం

శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే వీరరాఘవులు గారు జవాబు చెప్పరు, చేతికేదో పని అప్పగిస్తారు. అత్తిలిలో ఆయన దగ్గర బుర్రకథ నేర్చుకున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున మంగతాయారు అడగనే అడిగింది. ఆమె బాధ అలాంటిది మరి.

సొంతంగా దళం కట్టి ఏడాదయింది. నడుమ తంబుర వేసుకుని కథ చెప్పేది తను. కుడిపక్క గుమ్మెట వాయిస్తూ లోకం తీరు మీద నాలుగు మాటలు విసరవలసినవాడు ఆమె తమ్ముడు త్రిమూర్తులు. ఎడమపక్క హాస్యం అచ్చియ్యమ్మది. ఈ అచ్చియ్యమ్మ నోరు విప్పితే చాలు, జనం కళ్లన్నీ అటే. యుద్ధం మధ్యలో కూడా కథ ఎడమకే పోతోంది. తమ్ముడితో ఏ పేచీ లేదు, తందాన తాన అనేసి ఊరుకుంటాడు, పాపం. సాయంత్రం పెనుగొండలో కథ ఉంది. అచ్చియ్యమ్మను ఇక రావద్దని ఫోన్ చేసి చెప్పెయ్యనా అని మంగతాయారు అడిగింది. ఆ ఫోన్ వెళితే అచ్చియ్యమ్మకు దళంలో చోటు పోయినట్టే.

గురువుగారు అంతా విని తన పాత కారు తాళాలు ఆమె చేతిలో పెట్టారు. బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగుతోందనీ, సాయంత్రం దళమంతా వెళ్లేది అందులోనే కాబట్టి ముందు దాని సంగతి చూడమనీ చెప్పారు. వెళ్లాల్సింది కాలవగట్టు రోడ్డు, ఎడమవైపు నిండు కాలవ. అక్కడ ఎడమకి లాగే బండితో వెళ్లడమంటే మాటలు కాదు.

మంగతాయారుకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. స్పానర్ పట్టుకోవడమంటే ఆమెకి తంబుర పట్టుకున్నంత ఇష్టం. కొంగు బిగించి, ఖాళీ వీధిలో బండిని నాలుగైదుసార్లు నడిపి ఆపింది. ప్రతిసారీ అది ఎడమకే ఈడ్చుకుపోయింది. దిగి ముందు చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. ఎడమది సెగలు కక్కుతోంది, కుడిది చల్లగా ఉంది. దొంగ దొరికాడనుకుంది. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి, కింద స్టాండు నిలబెట్టి ఎడమ చక్రం విప్పేసింది.

లోపల వంక పెట్టడానికేమీ లేదు. చక్రంతో పాటు తిరిగే డిస్కు తళతళలాడుతోంది. దాన్ని పట్టి ఆపే ప్యాడ్లు అరగవలసినంతే అరిగాయి. అయినా ఆమె ఒప్పుకోలేదు. లాగుతున్నది ఇదే కాబట్టి తప్పు ఇందులోనే ఉండాలని గంటసేపు తుడిచిందే తుడిచింది.

"చల్లగా ఉన్నదాన్ని ఎవరూ విప్పి చూడరేమమ్మా?" అన్నారు గురువుగారు అరుగు మీంచి.

సరే కానిమ్మని కుడిది విప్పింది. విప్పుతూనే కేక పెట్టినంత పని చేసింది. డిస్కు తుప్పు పట్టి ఉంది. ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి, పని చేస్తేగా అరగడానికి. వాటిని నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉన్న పిన్నులు బిగుసుకుపోయి కదలనంటున్నాయి. అంటే ఇన్నాళ్లూ ముందువైపు బండిని ఆపుతున్నది ఆ ఎడమ చక్రం ఒక్కటే. పిన్నులు లాగి, గరుకు కాగితంతో రుద్ది, బ్రేకుల గ్రీజు పూసి, డిస్కు తుప్పు వదలగొట్టి అన్నీ బిగించింది. పెడల్ గట్టిపడేదాకా తొక్కి బండిని మళ్లీ వీధిలోకి తీసింది.

ఈసారి బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. నమ్మలేక ఇంకోసారి ఆపింది, నమ్మాక సంబరం పట్టలేక మరోసారి ఆపింది. నలభై ఏళ్ల మనిషి స్టీరింగు మీద దరువు వేసుకుంటూ వచ్చి వాకిట్లో దిగింది.

అప్పటికి త్రిమూర్తులు వచ్చి, గుమ్మెట పక్కన పెట్టుకుని, అరుగు మీద హాయిగా కునుకు తీస్తున్నాడు. ఆమె తమ్ముడి వంక చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసి, నాలుగింటికల్లా వచ్చెయ్యమని, ఆలస్యం చెయ్యొద్దని అచ్చియ్యమ్మకి చెప్పింది. చెప్పి, చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచింది.

"అప్పుడే కడుక్కోకమ్మా," అన్నారు గురువుగారు, కునుకు తీస్తున్న త్రిమూర్తులు వైపు చూస్తూ. "గ్రీజు ఇంకా కాస్త మిగిలింది."