కుడిచేతి గ్లౌజులు

సింగరాయకుంట హైస్కూల్లో అశ్వత్థనారాయణ అనే డ్రిల్లు మాస్టారు ఉండేవాడు; మనిషి మంచివాడే కానీ, ఒకసారి నోట్లోంచి ఊడిపడ్డ మాటను వెనక్కి తీసుకోవాలంటే ఆయనకు తల కొట్టేసినంత పని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. ఒకసారి జెండా పండుగ కవాతులో "లెఫ్ట్" అనబోయి "రైట్" అన్నాడు. పిల్లలు తికమకపడి ఒకరి మీద ఒకరు పడ్డారు. పొరపాటైంది అనేస్తే నవ్వి ఊరుకునేవారు. ఈయన ఆ మాట అనలేక ఆ ఏడాదంతా కవాతును కుడికాలితోనే మొదలుపెట్టించాడు. ఊళ్లోవాళ్లు అదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకున్నారు.

ఆ రోజుల్లో జిల్లా క్రీడాపాఠశాలలో బేస్‌బాల్ ఆడే పిల్లలకు సీట్లు ఇస్తున్నారని తెలిసింది. క్రికెట్టుకైతే ఇసుక వేస్తే రాలనంత పోటీ. దీనికి అంత లేదు. అందుకని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి చిన్నపిల్లలకు బేస్‌బాల్ లీగు పెట్టారు. సింగరాయకుంట జట్టు బాధ్యత మాస్టారి మీద పడింది. ఆయన అసలు కబడ్డీ మనిషి. బేస్‌బాల్ నేర్చుకు రమ్మని శిక్షణకు పంపితే, అక్కడ భోజనాల ఏర్పాట్లు నెత్తిన వేసుకుని, సాంబారు ఎవరికి అందిందో ఎవరికి అందలేదో చూసి వచ్చాడు. అయినా పిల్లలంటే ఆయనకు ప్రాణం. రబ్బరు బంతితో ఉత్త చేతులతోనే పట్టడం, విసరడం, పరుగెత్తడం బాగానే నేర్పాడు.

ఆ పిల్లల్లో గంగోత్రి అని ఆరో తరగతి పిల్ల ఉండేది. రాయి విసిరి ఏ కొమ్మ చూపిస్తే ఆ కొమ్మ చింతకాయ రాల్చేది. ఆ కుడిచేతిలోంచి బంతి వెళితే గీత గీసినట్లు వెళ్లేది. తండ్రి లేడు. తల్లి లింగమ్మ వేరుశనగ మిల్లులో కూలికి పోయేది. వానలు లేక పంట పోయి, పంట లేక మిల్లు మూతబడింది. లింగమ్మ బెంగుళూరుకు ఇళ్లు కట్టే పనికి పోవడానికి మూట కట్టుకుంది. పోయే ముందు బడికి వచ్చి మాస్టారిని అడిగింది.

"సీటొస్తే ఈడనే హాస్టల్లో వదిలిపెట్టి పోతా సార్. సదువుకుంటాది. రాకుంటే నాతోపాటే తోల్కపోవాల. ఒక్కతే ఆడబిడ్డను యాడ పెట్టేది?"

"ఆగు లింగమ్మా, ఎంపికల దాకా ఆగు. నీ కూతురికి సీటు రాకపోతే నన్నడుగు. ఇది నా మాట," అన్నాడు మాస్టారు.

మాస్టారు మాట తప్పడని ఊరంతా అనుకుంటారు కదా. లింగమ్మ కట్టిన మూట విప్పింది.

ఎంపికలు తోలు బంతితో జరుగుతాయి. అది రాయిలా ఉంటుంది, గ్లౌజు లేకుండా పడితే వేళ్లు వాచిపోతాయి. ఊళ్లో నలుగురూ చందా వేసి, మంచివి చూసి తెమ్మని మాస్టారినే బెంగుళూరుకు పంపారు. దుకాణంలో నరసింహయ్య అనే పెద్దాయన ఉన్నాడు. తెలుగు మనిషే. పిల్లల వయసు అడిగాడు, చేతుల కొలతలు అడిగాడు, ఆ తర్వాత పిల్లలు ఏ చేత్తో విసురుతారని అడిగాడు.

మాస్టారికి రోషం వచ్చింది. "కుడిచేత్తోనే విసురుతారు. మా పిల్లలు పద్ధతైన పిల్లలు," అన్నాడు.

"అయితే గ్లౌజు ఎడమచేతికి ఇస్తాను."

"ఎడమచేత్తో పుచ్చుకుంటారా ఎవరైనా? ప్రసాదమైనా, ప్రైజైనా చాచేది కుడిచేయి. పట్టుకోవడమంటే పుచ్చుకోవడమే కదా. కుడిచేతివే ఇవ్వండి."

నరసింహయ్య ఓపికగా చెప్పి చూశాడు. విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలండీ, కుడిచేతి గ్లౌజులు ఎడమచేతి వాటం పిల్లలకండీ అన్నాడు. అప్పటికే మాట నోరు దాటింది. నాకు చెప్తున్నావా, ఇన్నేళ్ల సర్వీసు నాది అన్నాడు మాస్టారు. ఇక చేసేదిలేక ఆ పెద్దాయన అటక మీద దుమ్ము పట్టిన పెట్టెలు దింపించాడు. కానీ ధర్మం తెలిసిన మనిషి. పంపేటప్పుడు, ఎప్పుడైనా తెచ్చి మార్చుకోండి, వాడినా ఫర్వాలేదు, ఏమీ అనుకోను అని మరీ మరీ చెప్పాడు.

గ్లౌజులు పంచడానికి బడిలో పందిరి వేశారు. చందా ఇచ్చినవాళ్లంతా ముందు వరుసలో కూర్చున్నారు. హెడ్మాస్టరమ్మ మాస్టారికి శాలువా కప్పింది. మొదటి గ్లౌజు గంగోత్రికి ఇచ్చారు. కొత్త తోలు వాసన చూసి ఆ పిల్ల మురిసిపోయింది. మాస్టారు దూరం నుంచి బంతి విసిరాడు. గ్లౌజులో ఠప్పుమని పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. గంగోత్రి మాత్రం బంతిని కుడిచేతి గ్లౌజులో పెట్టుకుని నిలబడిపోయింది. ఎడమచేతి వైపు చూసుకుంది, మళ్లీ గ్లౌజు వైపు చూసింది.

"సార్, పట్టుకునేకి బాగుంది. మరి ఇసిరేదెట్ల సార్?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి చెవులు వేడెక్కాయి. తప్పు జరిగిందని ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలియలేదని అనుకోకండి, తెలిసింది. పొరపాటైందమ్మా, రేపే మార్చుకొస్తా అంటే సరిపోయేది. భుజం మీద శాలువా, ఎదురుగా ఇంతమంది. ఆయన శాలువా సర్దుకున్నాడు.

"ఎడమచేత్తో విసరాలి. ఇది కొత్త పద్ధతి. సాధన చేస్తే రానిదేముంది?" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి పిల్లలకు తిప్పలు మొదలయ్యాయి. ఎడమచేత్తో విసిరితే బంతి పక్కింటి గోడకు తగిలేది, లేకుంటే విసిరినవాడి కాళ్ల దగ్గరే పడేది. మాస్టారు అటు తిరగ్గానే పిల్లలు గ్లౌజును తిరగేసి ఎడమచేతికి తొడుక్కునేవారు. బొటనవేలు పోవాల్సిన చోట చిటికెనవేలు పోయేది, బంతి జారి కింద పడేది. ఆయన చూసి కేకలేసేవాడు. లోపల మాత్రం కుమిలిపోయేవాడు. కేకలేస్తున్నకొద్దీ ఆ బాధ పెరిగేది.

గంగోత్రి తిరగేసి తొడుక్కోలేదు. సార్ చెప్పాడు కదా, అందులో ఏదో ఉంటుందిలే అనుకుంది. బడి వదిలాక కూడా గోడకేసి ఎడమచేత్తో విసురుతూ ఉండేది. ఎడమ భుజం వాచి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదని లింగమ్మ ఎవరితోనో అన్నది. ఆ మాట మాస్టారి దాకా వచ్చింది. ఆయన విననట్లే ఊరుకున్నాడు.

మాస్టారి భార్య కావేరమ్మకు విషయం అర్థమైంది. ఇవన్నీ మూటకట్టి ఇవ్వండి, నేనే బస్సెక్కి పోయి మార్చుకొస్తాను, ఎవరికీ చెప్పను అన్నది. మరి పిల్లలకు తెలియదా, రేపటి నుంచి నా మాట వింటారా అని ఆయన కసిరాడు. మీ మాట వినడం ముఖ్యమా, ఆ పిల్లకు సీటు రావడం ముఖ్యమా అని ఆవిడ అడిగింది. ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఎంపికల రోజు వచ్చింది. జిల్లా మైదానం నిండా పిల్లలే. సింగరాయకుంట పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి ఎడమచేత్తో విసిరి, తల వంచుకుని తిరిగి వచ్చారు. గంగోత్రి వంతు వచ్చింది. తన వైపు వచ్చిన ప్రతి బంతినీ పట్టింది. ఎంపిక చేసే ఆయన ముందుకు వంగి కూర్చున్నాడు. కుడిచేతి గ్లౌజు చూసి మాస్టారిని అడిగాడు.

"ఈ అమ్మాయిది ఎడమచేతి వాటమా?"

ఇదిగో, ఇక్కడ ఒక్క మాట చాలు. కాదు సార్, కుడిచెయ్యే, గ్లౌజు తేవడంలో పొరపాటు జరిగింది, ఎవరిదైనా ఒకటి ఇప్పించండి అంటే ఆయన కాదనేవాడా? పక్క ఊళ్ల డ్రిల్లు మాస్టర్లు అక్కడే నిలబడి ఉన్నారు. చందా ఇచ్చిన పెద్దమనుషులు కారు వేసుకుని మరీ చూడటానికి వచ్చారు. అశ్వత్థనారాయణ గొంతు సవరించుకున్నాడు.

"అవును సార్. ఎడమచేతి వాటమే."

గంగోత్రి చటుక్కున తల తిప్పి మాస్టారి ముఖంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. అవునా అమ్మా అని ఎంపిక చేసే ఆయన ఆ పిల్లను కూడా అడిగాడు. సార్ అబద్ధం చెప్పాడని పదిమందిలో ఏ పిల్ల అంటుంది? అవును సార్ అన్నది. ఎడమచేత్తో విసిరింది. బంతి సగం దూరం పోయి, దొర్లి దొర్లి ఆగిపోయింది. మళ్లీ విసరమన్నారు. మళ్లీ అంతే. పట్టడం బ్రహ్మాండం, చేతిలో బలమే లేదు పాపం, అని ఆయన పక్కవాళ్లతో అన్నాడు. తర్వాతి పిల్లవాణ్ని పిలిచారు.

గంగోత్రి గ్లౌజు తీసి మాస్టారి చేతికిచ్చి మైదానం చివరికి నడిచింది. అంతలో ఎవరిదో బంతి దొర్లుకుంటూ వచ్చి ఆ పిల్ల కాళ్ల దగ్గర ఆగింది. ఇటు వెయ్యమ్మాయ్ అని అవతలి గట్టు నుంచి ఎవరో అరిచారు. గంగోత్రి వంగి తీసుకుని కుడిచేత్తో విసిరేసింది. బంతి మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, పట్టుకునేవాడు అడుగు కదపకుండానే గ్లౌజులో పడింది. అప్పటికి ఎంపికవాళ్లు టీ తాగడానికి లేచి అటు తిరిగి ఉన్నారు. పెద్దవాళ్లలో చూసింది అశ్వత్థనారాయణ ఒక్కడే.

ఆయన ఎంపికవాళ్ల వైపు గబగబా నడిచాడు. దగ్గరికి పోయేసరికి పెద్దమనుషులు కూడా అక్కడే టీ తాగుతూ కనిపించారు. ఏం మాస్టారూ, ఏమైనా చెప్పాలా అని ఎంపిక చేసే ఆయన అడిగాడు. ఎండ చాలా ఎక్కువగా ఉంది సార్, అన్నాడు అశ్వత్థనారాయణ. ఒక గ్లాసు టీ తీసుకుని తాగి వచ్చాడు.

సీటు రాలేదు. లింగమ్మ మళ్లీ మూట కట్టింది. పేరు కొట్టించుకోవడానికి తల్లీకూతుళ్లు బడికి వచ్చినప్పుడు మాస్టారు వాళ్లకు ఎదురుపడ్డాడు. వచ్చే ఏడాది చూద్దాం లింగమ్మా అన్నాడు. లింగమ్మకు కోపం కూడా రాలేదు.

"మీరేం చేస్తారు సార్, మీ పాటు మీరు పడినారు. దీనికే చేతకాలేదు. ఎడమచెయ్యి రాలేదంట," అని కూతురి తల మీద చిన్నగా మొట్టింది.

గంగోత్రి మాస్టారికి దండం పెట్టి తల్లి వెనక వెళ్లిపోయింది. ఆ దండం బదులు చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఆ తర్వాతి సెలవు రోజున ఆయన గ్లౌజులన్నీ మూటకట్టుకుని బెంగుళూరు బస్సెక్కాడు. దారి పొడుగునా, నరసింహయ్య ఏమంటాడో, ఎంత ఎగతాళి చేస్తాడో అని మథనపడ్డాడు. ఆ పెద్దాయన మూట విప్పి చూసి, ఎడమచేతివి కావాలా అన్నాడు, అంతే. కుర్రాడికి చెప్పి మార్పించాడు. ఎండలో వచ్చారు, మజ్జిగ తాగండి అన్నాడు. మజ్జిగ తాగేలోపు పని అయిపోయింది.

బడిలో పిల్లలకు కొత్తవి పంచుతూ మాస్టారు తల ఎత్తలేదు. ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు అడుగుతారు అని ఎదురుచూశాడు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ అడగలేదు. తొడుక్కుని, వేళ్లు ఆడించి చూసుకుని, కేరింతలు కొడుతూ మైదానంలోకి పరుగెత్తారు. హెడ్మాస్టరమ్మ వరండాలోంచి చూసి, ఇవి బాగున్నాయి మాస్టారూ అని లోపలికి పోయింది. ఏ నవ్వుకు ఇన్నాళ్లు భయపడ్డాడో, ఆ నవ్వే రాలేదు.

మాస్టారి చేతిలో ఒక గ్లౌజు మిగిలిపోయింది. ఇది ఎవరిదిరా అన్నాడు అలవాటుగా.

"గంగోత్రిది సార్," అన్నాడు ఒక పిల్లవాడు, బంతి వెనక పరుగెత్తుతూనే.

ఆ సరికి బెంగుళూరులో ఏదో మేడ మీదికి గంగోత్రి ఇసుక బుట్ట మోస్తూ ఉండి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు. ఇక్కడ కాలింది ఆయన చేతులైతే కదా. పెద్దవాళ్లు తమ పొరపాటును ఒప్పుకోలేక పరువు కోసం దాచుకుంటే, ఆ పొరపాటుకు శిక్ష తమను నమ్మిన పిల్లలు అనుభవిస్తారు.